జట్టు గెలుపులో కోచ్ వాటా ఎంత?

2024 జూన్ 29, బ్రిడ్జ్‌టౌన్. టీ20 ప్రపంచకప్ ఫైనల్ ఆఖరి ఓవర్. దక్షిణాఫ్రికాకు ఆరు బంతుల్లో 16 పరుగులు కావాలి. హార్దిక్ పాండ్యా వేసిన మొదటి బంతిని డేవిడ్ మిల్లర్ లాంగాఫ్ వైపు లేపాడు. సూర్యకుమార్ యాదవ్ పరుగెత్తుకొచ్చి బంతిని అందుకున్నాడు. కాలు బౌండరీ తాడు మీద పడబోతుంటే బంతిని పైకి ఎగరేశాడు, తాడు అవతలికి వెళ్లాడు, మళ్లీ లోపలికి దూకి పట్టేశాడు. భారత్ 7 పరుగుల తేడాతో గెలిచింది. హెడ్ కోచ్‌గా రాహుల్ ద్రవిడ్‌కు అదే చివరి మ్యాచ్.

బంతి ఇంకో జానెడు ముందుకు వెళ్లి ఉంటే సిక్స్. అప్పుడు దక్షిణాఫ్రికాకు కావాల్సింది ఐదు బంతుల్లో 10 పరుగులే. ఏడు నెలల ముందు అహ్మదాబాద్‌లో వన్డే ప్రపంచకప్ ఫైనల్ ఓడిన కోచ్‌గా మిగిలిపోయిన ద్రవిడ్, రెండో ప్రపంచకప్ ఫైనల్ కూడా పోగొట్టుకున్నవాడిగా ఇంటికి వెళ్లేవాడు. కోచ్‌గా ఉన్న రెండున్నరేళ్లలో ఆయన చేసిన పనిలో వెంట్రుకవాసి తేడా లేకపోయినా, మనం ఆయన గురించి చెప్పుకునే మాట మాత్రం తలకిందులయ్యేది.

ఇలాగని ఆ క్యాచ్ గుడ్డి అదృష్టమూ కాదు. తాడు దగ్గర ఇలాంటి క్యాచ్‌లను ఫీల్డర్ల చేత సాధనలో పదే పదే పట్టిస్తారు. ఆ జట్టు ఫీల్డింగ్ కోచ్ హైదరాబాద్‌కు చెందిన టి. దిలీప్. సాధన వల్ల అలాంటి క్యాచ్ దొరికే అవకాశం పెరుగుతుంది, కానీ దొరికి తీరుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. కోచ్ ప్రభావం గురించిన చిక్కంతా ఇక్కడే ఉంది. కోచ్ చేతిలో ఉండేది అవకాశాన్ని పెంచడం. మనం తీర్పు చెప్పేది ఫలితం చూసి.

ఒకే పేరు, వేర్వేరు ఉద్యోగాలు

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. ‘కోచ్’ అనే పేరు ఒకటే గానీ, ఒక్కో ఆటలో ఆ ఉద్యోగం ఒక్కో రకం.

ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో ఆయన్ని మేనేజర్ అంటారు. పదకొండు మందిలో ఎవరు ఆడాలి, ఏ వ్యూహంతో ఆడాలి, ఎవరిని ఎప్పుడు మార్చాలి, ఇవన్నీ ఆయన నిర్ణయాలే. చాలాకాలం ఏ ఆటగాణ్ని కొనాలో కూడా ఆయనే చెప్పేవాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాదాపు ప్రతి ఎత్తుగడా కోచ్‌ల దగ్గర నుంచే మైదానంలోకి వెళ్తుంది. బాస్కెట్‌బాల్‌లో కోచ్ ఆట మధ్యలో టైమ్‌అవుట్ తీసుకుంటాడు, ఎన్నిసార్లయినా ఆటగాళ్లను మార్చుకుంటాడు.

క్రికెట్‌లో అలా కాదు. బంతి పడ్డాక పగ్గాలన్నీ కెప్టెన్‌వే. బౌలర్‌ను మార్చేది, ఫీల్డర్‌ను జరిపేది, రివ్యూ అడిగేది అతనే. భారత జట్టులోనైతే ఆటగాళ్లను ఎంపిక చేయడానికి సెలెక్టర్లు వేరే ఉంటారు. కోచ్ పని ఎక్కువగా మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య జరుగుతుంది: ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలి, నెట్స్‌లో దేనిమీద పని చేయించాలి, ఫామ్ పోయిన ఆటగాడితో ఏం మాట్లాడాలి. కాబట్టి ‘కోచ్ వాటా ఇంత శాతం’ అని అన్ని ఆటలకూ కలిపి ఒకే అంకె చెప్పేవాళ్ల మాట నమ్మనక్కర్లేదు.

సన్‌రైజర్స్ లెక్క

మనకు బాగా తెలిసిన జట్టునే తీసుకుందాం. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2023లో బ్రయాన్ లారా హెడ్ కోచ్‌గా 14 మ్యాచ్‌ల్లో నాలుగే గెలిచి పట్టికలో అట్టడుగున, పదో స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది డానియల్ వెటోరీ వచ్చాడు. ఉప్పల్‌లో ముంబయిపై 277, బెంగళూరులో ఆర్‌సీబీపై 287 పరుగులు బాది ఫైనల్‌కు చేరింది. పదో స్థానం నుంచి రెండో స్థానానికి ఎదగడం చూసి ‘కోచ్ మారాడు, జట్టు మారింది’ అని చాలామంది తేల్చేశారు.

అయితే ఆ మధ్యలో మారింది కోచ్ ఒక్కడేనా? 2023 డిసెంబరు వేలంలో పాట్ కమిన్స్‌ను 20.5 కోట్లకు, ట్రావిస్ హెడ్‌ను 6.8 కోట్లకు కొన్నారు. అహ్మదాబాద్ ఫైనల్లో సెంచరీ కొట్టి మన గుండె పగలగొట్టిన హెడ్ ఈసారి మన కోసం 567 పరుగులు చేశాడు. కెప్టెన్ మారాడు. 2023లో 226 పరుగులే చేసిన అభిషేక్ శర్మ 2024లో 484 పరుగులు, 42 సిక్సర్లు కొట్టాడు. మొదటి బంతి నుంచే కొట్టమని జట్టు ఇచ్చిన స్వేచ్ఛ అందుకు ఒక కారణం. మరి ఏళ్లుగా అతనికి శిక్షణ ఇస్తున్న యువరాజ్ సింగ్ వాటా ఎక్కడ రాయాలి? యువరాజ్ ఆ జట్టు జీతగాడు కూడా కాదు.

2025కు రండి. వెటోరీ, కమిన్స్, హెడ్, అభిషేక్, క్లాసెన్ అందరూ ఉన్నారు. ఉప్పల్‌లో రాజస్థాన్‌పై 286 పరుగులతో మొదలుపెట్టారు. చివరికి ఆరో స్థానం.

ఇంకాస్త వెనక్కి వెళ్తే విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. టామ్ మూడీ కోచ్‌గా 2016లో టైటిల్ వచ్చింది, 2018లో ఫైనల్ వచ్చింది. అదే మూడీ హెడ్ కోచ్‌గా 2022లో తిరిగొస్తే దక్కింది ఎనిమిదో స్థానం. అప్పటికి వార్నర్ లేడు, రషీద్ ఖాన్ గుజరాత్‌కు వెళ్లిపోయాడు. మూడీ రెండు హయాంల మధ్య వచ్చిన ట్రెవర్ బేలిస్ 2019లో ఇంగ్లండ్‌కు వన్డే ప్రపంచకప్ గెలిపించినవాడు. ఆయన కింద సన్‌రైజర్స్ 2020లో మూడో స్థానం, 2021లో చిట్టచివరి స్థానం. ఈ మనుషులెవరూ ఏడాది తిరిగేసరికి కోచింగ్ మర్చిపోలేదు, కొత్తగా నేర్చుకునీ ఉండరు.

నాణెం ఎగరేసి చూద్దాం

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. పేపరు, పెన్ను చాలు.

పది జట్లూ సరిగ్గా సమానమని అనుకోండి. ఏ మ్యాచ్‌లో అయినా గెలిచే అవకాశం సగం సగం, అంటే బొమ్మా బొరుసే. ఒక్కో జట్టు 14 మ్యాచ్‌లు ఆడుతుంది. సగటున ఏడు గెలవాలి. కానీ నాణేన్ని 14 సార్లు ఎగరేస్తే ప్రతిసారీ ఏడు బొమ్మలు పడవు కదా. నాలుగు లేదా అంతకంటే తక్కువ పడే అవకాశం దాదాపు 9 శాతం. పది లేదా అంతకంటే ఎక్కువ పడే అవకాశమూ అంతే.

దీని అర్థం ఏమిటంటే, పది సమాన జట్లున్న లీగ్‌లో ప్రతి సీజన్‌లోనూ దాదాపు ఒక జట్టు ఏ లోపమూ లేకుండానే నాలుగు గెలుపులకు పడిపోతుంది. ఇంకొకటి ఏ గొప్పదనమూ లేకుండానే పది గెలుస్తుంది. నాలుగే గెలిచిన జట్టు యజమాని కోచ్‌పై వేటు వేస్తాడు. మరుసటి ఏడాది ఎవరు కోచ్‌గా వచ్చినా, పాత కోచే ఉన్నా, అసలు కోచే లేకపోయినా, ఆ జట్టు నాలుగు కంటే ఎక్కువ గెలిచే అవకాశం 91 శాతం. కొత్తాయనకు దండలు పడతాయి.

గణాంకశాస్త్రంలో దీన్ని సగటు వైపు తిరిగి రావడం అంటారు. మరీ కిందికి పడినది కాస్త పైకి వస్తుంది, మరీ పైకి వెళ్లినది కాస్త కిందికి దిగుతుంది. కోచ్‌లను తీసేసేది సాధారణంగా జట్టు మరీ కిందికి పడినప్పుడే. అందుకే మార్పు తర్వాత మెరుగుదల కనిపించడం దాదాపు ఖాయం. నిజమైన జట్లు సమానంగా ఉండవు, కాబట్టి నాణెం లెక్క పూర్తి నిజం కాదు. సన్‌రైజర్స్ 2024లో ఎదిగింది కేవలం అదృష్టం వల్లేననీ నేను అనడం లేదు. అదృష్టం వాటా తీసేయకుండా కోచ్ వాటా తేల్చలేం, అంతే.

ఈ అనుమానాన్ని డచ్ ఆర్థికవేత్త బాస్ టర్ వీల్ పరీక్షించి చూశాడు. నెదర్లాండ్స్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన మేనేజర్ మార్పులన్నీ తీసుకున్నాడు. వరసగా ఓడి మేనేజర్‌ను తీసేసిన జట్లను ఒక పక్క, అంతే దారుణంగా ఓడినా మేనేజర్‌ను ఉంచుకున్న జట్లను ఇంకో పక్క పెట్టి పోల్చాడు. తీసేసిన జట్లు తర్వాత కోలుకున్నాయి. ఉంచుకున్నవి కూడా అలాగే కోలుకున్నాయి. తీసేయడం వల్ల కలిసొచ్చిన అదనపు లాభమేదీ తేలలేదు.

డబ్బు తూకం

ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌ను పరిశీలించిన ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్న విషయం ఒకటుంది. ఆటగాళ్ల జీతాల పద్దు వరసా, పాయింట్ల పట్టిక వరసా దీర్ఘకాలంలో చాలావరకు కలుస్తాయి. ఎక్కువ జీతం ఇచ్చే క్లబ్‌కు మంచి ఆటగాళ్లు వస్తారు, మంచి ఆటగాళ్లు గెలుస్తారు. ఈ లెక్కన కోచ్‌కు మిగిలేది, జీతాల పద్దు చెప్పే స్థానానికీ అసలు స్థానానికీ మధ్య ఉన్న తేడా మాత్రమే.

లెస్టర్ సిటీ ఆ తేడాకు పెద్ద పేరు. 2015-16లో క్లాడియో రానియెరీ మేనేజర్‌గా, 5000కు 1 పందెం ధర ఉన్న జట్టు 81 పాయింట్లతో ప్రీమియర్ లీగ్ గెలిచింది. కానీ తొమ్మిది నెలలు తిరిగేసరికి, 2017 ఫిబ్రవరిలో, దిగువ డివిజన్‌కు పడిపోయే ప్రమాదంలో ఉందని అదే రానియెరీని ఇంటికి పంపారు. ఈ మధ్యలో మిడ్‌ఫీల్డర్ ఎన్గోలో కాంటే చెల్సీకి వెళ్లాడు. ఆ సీజన్ విజేత చెల్సీయే.

ఐపీఎల్‌లో జీతాలకు పరిమితి ఉంది. 2024లో ఒక్కో జట్టుకు 100 కోట్లు, 2025లో 120 కోట్లు. అందరి సంచీ ఒకటే అయినప్పుడు డబ్బు తేడా తగ్గి, ఎవరిని ఎంతకు కొన్నారు, ఎవరిని ఎక్కడ ఆడించారు అన్నదాని విలువ పెరుగుతుంది. అంటే ఆలోచించే బుర్రకు ఇక్కడ చోటు ఎక్కువ. దాంతోపాటే అదృష్టానికీ చోటు ఎక్కువ.

కోచ్ లేకుండా 39 గెలుపులు

కోచ్ ప్రభావాన్ని ప్రయోగశాలలో కొలవలేం. అయితే అమెరికా బాస్కెట్‌బాల్‌లో దాదాపు అలాంటి ప్రయోగమే తనంతట తాను జరిగింది.

గోల్డెన్ స్టేట్ వారియర్స్ 2013-14లో మార్క్ జాక్సన్ కింద 82లో 51 మ్యాచ్‌లు గెలిచింది. ఆయన్ని తీసేసి స్టీవ్ కెర్‌ను తెచ్చారు. ప్రధాన ఆటగాళ్లు దాదాపు వాళ్లే. కెర్ బంతిని ఎక్కువ చేతులు తిరిగేలా ఆడించాడు, డ్రేమండ్ గ్రీన్ మొదటి ఐదుగురిలో స్థిరపడ్డాడు. 67 గెలుపులు, టైటిల్. అదే జట్టుతో 16 గెలుపులు పెరిగాయంటే కోచ్ పక్షం వాళ్లకు ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

మరుసటి సీజన్ మొదట్లో వెన్ను శస్త్రచికిత్స వల్ల కెర్ రాలేకపోయాడు. సహాయకుడు ల్యూక్ వాల్టన్ 43 మ్యాచ్‌లు నడిపాడు. 39 గెలిచారు, వాటిలో మొదటి 24 వరసగా! కెర్ తిరిగొచ్చాక 39లో 34. మొత్తం 73 గెలుపులు, అది లీగ్ రికార్డు. ఆ పేరుతో వాల్టన్‌కు లాస్ ఏంజెలిస్ లేకర్స్ హెడ్ కోచ్ ఉద్యోగం వచ్చింది. అక్కడ మొదటి సీజన్‌లో 82లో 26 గెలిచాడు.

2019-20లో మూడో దృశ్యం. కెర్ ఉన్నాడు, ఆటగాళ్లు లేరు. కెవిన్ డ్యురాంట్ వెళ్లిపోయాడు, క్లే థాంప్సన్ గాయంతో సీజన్ మొత్తం బెంచ్‌కే పరిమితమయ్యాడు, స్టెఫెన్ కర్రీ చెయ్యి విరిగింది. 65లో 15 గెలుపులు. కర్రీ, థాంప్సన్ కోలుకున్నాక 2022లో మళ్లీ టైటిల్.

‘ఆటగాళ్లుంటే కోచ్ ఎవరైనా ఒకటే’ అన్న మాటకు రెండో దృశ్యం బలం. ‘కోచ్ లేకపోతే ఆ ఆటగాళ్లు అంతదూరం వెళ్లేవాళ్లు కారు’ అన్న మాటకు మొదటి దృశ్యం బలం. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. కెర్ ముందే వేసిపెట్టిన పద్ధతి ఆయన బెంచీ దగ్గర లేకపోయినా పనిచేసింది. మంచి కోచ్ పని బెంచీ పక్కన నిలబడి అరవడంలో లేదని ఆ 39 గెలుపులే చెబుతున్నాయి.

ఎంత తేడా తెస్తే గొప్ప?

మరో లెక్క. సమాన జట్ల లీగ్‌లో ఒక కోచ్ తన జట్టు గెలిచే అవకాశాన్ని 50 శాతం నుంచి 55కు పెంచాడనుకోండి. పోటీ క్రీడల్లో అది చాలా పెద్ద మెరుగుదల. 14 మ్యాచ్‌లకు దాని విలువ 0.7 గెలుపు. అంటే సీజన్‌కు ఒక్క మ్యాచ్ కూడా నిండదు. అదృష్టం వల్లే రెండేసి గెలుపులు అటూ ఇటూ ఊగే చోట ఈ తేడా కంటికి ఆనదు. ఇది కోచ్ గొప్పతనమేనని గణాంకవేత్తలు ఒప్పుకునే మేర తేల్చాలంటే దాదాపు 400 మ్యాచ్‌లు కావాలి. ఏడాదికి 14 చొప్పున 28కి పైగా సీజన్లు. ఐపీఎల్ పుట్టి ఇంకా అన్నేళ్లు కాలేదు.

అదే 38 మ్యాచ్‌ల ఫుట్‌బాల్ లీగ్‌లో ఇలాంటి కోచ్ దాదాపు రెండు గెలుపులు అదనంగా తెస్తాడు. టైటిల్‌కూ రెండో స్థానానికీ మధ్య తేడా ఒక్కోసారి అంతకంటే తక్కువ. ప్రభావం చిన్నదైనా విలువ చిన్నది కాదు. చిన్నది కాబట్టే ఒకటి రెండు సీజన్లలో కనపడదు.

మూడో స్థానంలో జెమీమా

కోచ్ చెయ్యి కచ్చితంగా కనిపించే చోటు ఒకటుంది: ఎవరు, ఎక్కడ ఆడాలన్న నిర్ణయం. 2025 మహిళల వన్డే ప్రపంచకప్‌లో భారత్ వరసగా మూడు ఓడింది. మొదటి రెండూ మన విశాఖపట్నంలోనే, దక్షిణాఫ్రికా చేతిలోనూ ఆస్ట్రేలియా చేతిలోనూ. మూడోది ఇందౌర్‌లో ఇంగ్లండ్ చేతిలో, నాలుగు పరుగుల తేడాతో. హెడ్ కోచ్ అమోల్ మజుందార్ మీద విమర్శలు హోరెత్తాయి.

ఇంగ్లండ్ మ్యాచ్‌కు అదనపు బౌలర్ కోసం జెమీమా రోడ్రిగ్స్‌ను పక్కన పెట్టారు. తర్వాత న్యూజిలాండ్‌పై ఆమెను వెనక్కి తెచ్చి మూడో స్థానంలో దింపారు, 76 నాటౌట్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా ఇచ్చిన లక్ష్యం 339. మూడో స్థానంలో వెళ్లాలని బ్యాటింగ్‌కు దిగే ఐదు నిమిషాల ముందే తనకు తెలిసిందని జెమీమాయే తర్వాత చెప్పింది. 127 నాటౌట్‌తో గెలిపించింది. ప్రతీకా రావల్ గాయపడితే జట్టులోకి పిలిచిన షెఫాలీ వర్మ ఫైనల్లో 87 పరుగులు చేసి రెండు వికెట్లు తీసింది. నవంబరు 2న కప్ మనది. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఆ జట్టులో ఉంది.

జెమీమాను తీసేసిన నిర్ణయమూ, మూడో స్థానంలో దింపిన నిర్ణయమూ ఒకే జట్టు యాజమాన్యానివి. మొదటిది తప్పు అని ఒప్పుకోవడమే రెండోదానికి దారి. షెఫాలీ రావడంలో మాత్రం గాయం వాటా ఎక్కువ, ప్రణాళిక వాటా తక్కువ.

జకార్తాలో ఒక స్కూలు మాస్టారు

చివరిగా మన హైదరాబాద్ మనిషి. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 54 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన హయాంలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మధ్యలో 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయిందీ ఆయన కిందే. ఇప్పటి యజమానులైతే ఆ రాత్రే తీసేసేవాళ్లు.

రహీం బలహీనమైన కాలితోనే ఆడాలన్న నియమంతోనూ, డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతోనూ టోర్నీలు పెట్టించేవాడు. కుడికాలి ఆటగాడికి ఎడమకాలు అలవాటవ్వాలి, బంతిని పట్టుకు కూర్చోకుండా తొందరగా అందించడం రావాలి. ఒక్క మ్యాచ్‌లో ఫలితమివ్వని, ఒక తరాన్నే మార్చే పని అది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని సెమీఫైనల్లో, ఫైనల్లో ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్ మళ్లీ అదే కొరియాతో. రాజకీయ గొడవల వల్ల లక్షమంది ప్రేక్షకులు భారత్‌కు వ్యతిరేకంగా కేకలు వేస్తున్నారు. మొదటి గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. 2-1తో స్వర్ణం. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం 1963 జూన్‌లో కన్నుమూశాడు.

ఆయన ప్రతిభ ఎంత, చుని గోస్వామి, బెనర్జీ, సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాంల ప్రతిభ ఎంత? విడదీయడానికి మనకున్న ఆధారం ఆ తర్వాతి ఏళ్లే. కోచే అంతా అయితే జట్టు వెంటనే కూలాలి. కూలలేదు. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం వచ్చింది. ఆటగాళ్లే అంతా అయితే కొత్తవాళ్లతో అదే స్థాయి నిలవాలి. అదీ జరగలేదు, ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. భారత్ ఆఖరిసారి పతకం గెలిచింది 1970లో, బ్యాంకాక్‌లో, కాంస్యం. కెప్టెన్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్. ఆ జట్టు శిక్షకుల్లో ఒకరు జకార్తా ఫైనల్లో తొలి గోల్ కొట్టిన రహీం శిష్యుడు, పి.కె. బెనర్జీ.